ఎడమచెయ్యి చెప్పిన సంగతి

పరిశుద్ధ వారంలో మా పేటలో ఎవరూ పాట పెట్టరు. మూల మీద కొట్టు నడిపే రదామేస్ కూడా ఆ వారమంతా స్పీకర్ల మీద దుప్పటి కప్పి ఉంచుతాడు. అంతకు ముందు వారం మా ఆయన పెర్సియోకి జలుబు. అలా వరసగా రెండు ఆదివారాలు మేమిద్దరం ఆ కొట్టు ముందు డాన్సు ఆడలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో, మా అమ్మాయి పుట్టినప్పుడు తప్ప, అంత కాలం ఆడకుండా ఉన్నది లేదు. ఈస్టర్ తర్వాతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి రదామేస్ సల్సా పాట వేశాడు. పెర్సియో చెయ్యి చాచాడు. నేను లేచాను. మొదటి చుట్టు దగ్గరే నాకు తెలిసిపోయింది, ఆ చెయ్యి నా మొగుడి చెయ్యి కాదు.

మెరెంగే అయితే ఎవరైనా ఆడేస్తారు, తాగి ఉన్నవాడు కూడా. బచాతా కొత్తగా మనసు పడ్డవాళ్ళది. సల్సా మొదలైతే మాత్రం మా విల్లా కన్సుయెలో పేటలో రానివాళ్ళు గోడ వారకి జరిగి చోటిస్తారు. ఆ చోటు మధ్యలో ఇన్నేళ్ళూ పెర్సియో, నేను. గొప్పకి చెప్పడం లేదు, కావాలంటే ఎవర్నైనా అడగండి.

మగవాడు ఎడమచేత్తో ఆడదాని కుడిచెయ్యి పట్టుకుంటాడు. మిగతా ఒళ్ళంతా అబద్ధమాడినా ఆ చేతికి అబద్ధం చేతకాదు. పెర్సియోది తేలిక చెయ్యి. మూడు వేళ్ళే తగిలేవి. నా తల మీదుగా ఎత్తేవాడు, నేను రెండు చుట్లు తిరిగి వచ్చేసరికి ఆ మూడు వేళ్ళు అక్కడే ఉండేవి. ఆ ఆదివారం ఆ చెయ్యి నా భుజం దాకానే లేచింది. మెట్ల పక్కన కమ్మీలా బిర్రుగా ఉంది. ఒక్క చుట్టుకే నన్ను దగ్గరికి తీసేసుకున్నాడు. పైగా వీపు మీద ఉన్న రెండో అరచెయ్యి నన్ను ఎడమ పక్కకి లాగుతోంది. చూసేవాళ్ళకి ఏమీ తెలియలేదు, చప్పట్లు కూడా కొట్టారు. నేను నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

మగవాడి చెయ్యి తనంతట తాను మారదు. ఎవరితో ఆడితే వాళ్ళ కొలతకి వస్తుంది. పెర్సియో కార్లకి సీటు కవర్లు కుడతాడు, కొలతల మనిషి. ఈ కొత్త కొలత నాది కాదు. మరి ఎవరిది? ఆ రాత్రి మంచం మీద పడుకుని లెక్క వేశాను. చెయ్యి భుజం దాకానే లేచిందంటే ఆ ఆడది పొట్టిది. చెయ్యి బిర్రుగా ఉందంటే ఆట రానిది, పట్టుకుని వేలాడుతుంది. రెండో చుట్టు తిరగలేదు. ఎడమకి ఒరుగుతుంది. పక్కన గుర్రు పెడుతున్న మనిషిని చూస్తే ఒళ్ళు మండిపోయింది.

అతన్ని అడగలేదు. పెర్సియోని అడిగితే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, ఆ తుడుచుకోవడంలో మాట పక్కకి పోతుంది. నాకు కావలసింది అతని మాట కాదు, రుజువు. అనుమానం ఒకసారి మొదలయ్యాక పాతవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఆరింటికి మూసే షెడ్డు నుంచి బుధవారాలు ఏడింటికి వస్తున్నాడు. చొక్కాకి మరిగిన నూనె వాసన. ఇంకోటి కూడా ఉంది. ఇంకొకరి భార్యతో ఆడాలంటే ముందు ఆ భర్త దగ్గరికొచ్చి అనుమతి అడగడం మా దగ్గర పద్ధతి. భర్త తల ఊపుతాడు, అంతే. ఇదివరకు ఆదివారం వస్తే నాకోసం పెర్సియో దగ్గరికి నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. కొన్ని నెలలుగా ఒక్కడూ రావడం లేదు. నాకు వయసు మీద పడిందని ఊరుకున్నాను. ఇప్పుడు అదీ వేరేలా కనిపించింది. జాలిపడుతున్నారేమో. దీని మొగుడు ఇంకోదానితో తిరుగుతున్నాడు, దీని మొహం ఎలా చూడడం అని తప్పుకుంటున్నారేమో.

నా సెలూన్‌లో గోళ్ళ పని చేసే ఒందీనా మా అమ్మాయికి జ్ఞానస్నానపు తల్లి. నాకు వదిన వరస. ఆమె దగ్గర దాచేది ఏమీ లేదు. ఒక మంగళవారం జనం లేని వేళ చూసి చెప్పాను, పెర్సియో చెయ్యి మారిందని. ఆమె వెంటనే నవ్వలేదు. నవ్వి ఉంటే ఏమీ లేదని నమ్మేదాన్ని. చేతిలో ఉన్న ఆకురాయి ఆపి నన్ను పైనుంచి కింది దాకా చూసి, "వదిలెయ్ వదినా, వయసొస్తుంటే చేతులూ మారతాయి," అంది. తర్వాత గోళ్ళ రంగుల సీసాలు సర్దుకుంటూ కూర్చుంది. సర్దిన సీసాలనే మళ్ళీ సర్దుతోంది. ఒందీనా కూడా ఎరుగునన్నమాట అనుకున్నాను. పేట అంతా ఎరుగును, నేనొక్కదాన్నే ఎరగను.

అయితే నేనే పట్టుకుంటాను. ఎలాగంటే, పెర్సియో చెయ్యి నాకు తెలుసు కాబట్టి ఆ చెయ్యి నేనూ పెట్టగలను. అదే ఎత్తు, అదే బిగువు, అదే ఎడమ లాగుడు. ఆ చేతికి ఏ ఆడది సరిగ్గా అతుకుతుందో అదే ఆడది.

శనివారాల్లో సెలూన్ కిటకిటలాడుతుంది, కరెంటు పోయేదీ అప్పుడే. డ్రయ్యర్లు ఆగిపోగానే జుట్టుకి చుట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళంతా ఏం చెయ్యాలో తోచక కూర్చుంటారు. బ్యాటరీ రేడియో పెడితే రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు లేస్తారు. మా ఆడవాళ్ళు ఆడవాళ్ళతో ఆడడం వింతేమీ కాదు. నేను మగపాత్ర తీసుకోవడం మాత్రం కొత్త. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మొదటి శనివారం మందుల షాపు అమ్మాయి. పొట్టిదే గాని నాకన్నా ముందు తనే తిరిగేస్తుంది, నా చేత్తో పనే లేదు. తర్వాత బడి పంతులమ్మ. ఆమె బరువంతా కుడి పక్కకి. మూడో శనివారం మా ఎదురింటి లావుపాటావిడ నా కాలు తొక్కి, తప్పు నాదేనంది. మధ్యమధ్యలో నేను చక్రాల స్టూలు మీద కూర్చుని అలుపు తీర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నిలబడి జుట్లు ఆరబెట్టినదాన్ని, కూర్చుంటే తప్పేముంది. నలుగురిని, ఐదుగురిని, ఎనిమిదిమందిని తిప్పాను. ఎవరూ అతకలేదు. ఒందీనా మాత్రం మూలన కూర్చుని నా కాళ్ళ వంకే చూసేది.

మా దగ్గర మే నెల ఆఖరి ఆదివారం తల్లుల పండగ. దాని ముందు శనివారం యొకాస్తా వచ్చింది. ఈమె నిరుడు మోకా ఊరి నుంచి వచ్చి, పెర్సియో షెడ్డు పక్కన బండి మీద పాస్తెలీతోలు, మాంసం కూరిన కజ్జికాయల్లాంటివి, వేయించి అమ్ముతోంది. మొగుడు లేడు, పిల్లాడు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర. పొట్టి మనిషి. మోకా యాసతో మాట్లాడుతుంది, అందుకని మా పేట ఆడవాళ్ళు వెనక ఆమెలా మాట్లాడి నవ్వుకుంటారు. నేనూ నవ్వాను, దాచేదేముంది. ఆ వైపు వాళ్ళకి మెరెంగే తప్ప సల్సా రాదని పేరు. ఆమె కుర్చీలో కూర్చోగానే నూనె వాసన గుప్పుమంది. పెర్సియో చొక్కా వాసన.

కరెంటు కోసం ఇంతగా ఎదురు చూసి ఎరగను, పోవడం కోసం. పదకొండింటికి పోయింది. రేడియో పెట్టి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను.

"నన్నా అక్కా?" అంది. మొహం విప్పారింది. ఏడాదిగా ఈ పేటలో ఉంటోంది, ఆమెని ఆటకి పిలిచిన మొదటి ఆడదాన్ని నేనేనని అప్పుడు నాకు తట్టలేదు. నా ధ్యాసంతా చెయ్యి మీదే ఉంది.

ఎత్తాను, భుజం దాకా. బిర్రుగా పెట్టాను. ఆమె ఆ చేతిని కమ్మీలా పట్టుకుంది. ఒక చుట్టు తిరిగింది, ఆగింది. రెండో చుట్టు ఇవ్వబోతే తిరగలేకపోయింది. కుడికాలు నేల మీద ఆనీ ఆనకుండా వేస్తూ ఎడమకి ఒరిగింది. తాళంచెవి తాళంలో తిరిగినట్టు అన్నీ కుదిరాయి. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను, గొంతు మామూలుగా పెట్టి.

"పెర్సియో అన్న కూడా ఇట్టాగే పడతాడక్కా చెయ్యి," అంది నవ్వుతూ. అన్నాక నాలిక కరుచుకుంది. ఎప్పుడు ఆడావన్నాను. ఏదో ఒకసారి, షెడ్డు ముందు, ఊరికే అని నసిగి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కరెంటు వచ్చింది. ఆమె జుట్టు నేనే ఆరబెట్టాను. వేడిగాలి చెవికి దగ్గరగా పెట్టాను, మంటగా ఉందని ఆమె అనలేదు.

అన్న అట. మా పేటలో అన్నలతో మొదలైన కథలు నాకు చాలా తెలుసు.

ఆ సాయంత్రమే ఎలీహియో ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటినా ఇప్పటికీ తెల్ల బూట్లు వేసుకుని ఆడే పెద్దమనిషి. పెళ్ళికి ముందు నాకు చుట్లు నేర్పింది ఆయనే. రేపు అందరి ముందూ నాతో ఒక పాట ఆడాలన్నాను. నాకు ఒక పాత పద్ధతి చెయ్యి కావాలి. దాని పక్కన పెర్సియో చెయ్యి ఎంత మారిందో పేటంతా చూడాలి. ఆయన నేల చూపులు చూసి, పెర్సియోని అడగాలి కదా తల్లీ అన్నాడు. అడుగు, ఎప్పుడు కాదన్నాడు అన్నాను. దగ్గాడు, నీళ్ళు తాగాడు, సరేనన్నాడు. ఈయనకీ తెలుసన్నమాట అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆదివారం పొద్దున పెర్సియో పండగ బహుమతి ఇచ్చాడు. డబ్బా తెరిస్తే చెప్పులు. మడమ లేనివి, మెత్తటి అడుగుతో, చర్చిలో ముసలమ్మలు వేసుకునే రకం. నాకు యాభై నాలుగేళ్ళు, ఎనభై కాదు. తప్పు చేసినవాడు బహుమతి తెచ్చినా ఇలాగే ఉంటుందనుకున్నాను. డబ్బా మూసి మంచం కిందకి తోసి, నా ఎర్ర ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నాను. అతను వాటి వంక చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నాలుగింటికి మూల మీద జనం నిండిపోయారు. తల్లులందరూ కొత్త బట్టల్లో ఉన్నారు. డొమినో బల్ల దగ్గర నలుగురు పలకలు కొడుతున్నారు. యొకాస్తా ఒక పళ్ళెం నిండా పాస్తెలీతోలు తెచ్చి అందరికీ ఊరికే పంచుతోంది. నా దగ్గరికీ తెచ్చింది. తీసుకోలేదు. మొదటి సల్సాకి పెర్సియో, నేను ఆడాము. అదే చెయ్యి, అదే ఒక్క చుట్టు. రెండో పాటకి ఎలీహియో వచ్చాడు, టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు.

"నీ అనుమతితో, పెర్సియో," అన్నాడు. నా వంక మాత్రం చూడలేదు.

పెర్సియో, "ఇవాళ వద్దు ఎలీహియో," అన్నాడు.

డొమినో పలకల చప్పుడు ఆగిపోయింది. అనుమతి అడిగితే కాదనడమంటే మా దగ్గర చిన్న మాట కాదు. అడిగినవాడి మీద నమ్మకం లేదనో, పెళ్ళాం మీద నమ్మకం లేదనో నలుగురిలో చాటినట్టే. చావుకి దగ్గరపడ్డ ముసలాయన మీద ఎవరికి అనుమానం ఉంటుంది? అంటే నా మీదన్నమాట. తను షెడ్డు పక్కన అది వెలగబెడుతూ, ఇక్కడ కూర్చుని నన్ను తాళం వేసి ఉంచుతాడా. నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాను. పెర్సియోతో మాట్లాడలేదు, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ యొకాస్తా వైపు తిరిగాను.

"ఆయన అనుమతెందుకు, నీది అడగాలి గాని. ఈ మధ్య మా ఆయన చెయ్యి నీ సొంతమైందంటగా. నూనె మూకుడు పక్కన బాగానే వేయిస్తున్నాడు నిన్ను."

ఈ మాట అందరూ విన్నారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. యొకాస్తా చేతిలో పళ్ళెం అలాగే ఉంది. పెర్సియో, "బెల్కిస్, కూర్చో," అన్నాడు చిన్నగా. నేను ఎలీహియో చెయ్యి నేనే పట్టుకుని మధ్యలోకి లాక్కుపోయాను.

అబ్బ, ఆ చెయ్యి. తేలిగ్గా, ఎత్తుగా, నా పెళ్ళికి ముందు ఉన్న చెయ్యి. చూశారా, చెయ్యంటే ఇలా ఉండాలి అని లోపల అనుకున్నాను. మొదటి చుట్టు తిరిగాను. రెండో చుట్టుకి కుడికాలు ఆనించి తిప్పబోయాను. మోకాలు తిరగలేదు. నేను తిరిగాను, అది ఉన్నచోటే ఉండిపోయింది. పట్టుకుందామంటే పైన ఆనడానికి ఏమీ లేదు, తేలిక చెయ్యి కదా. తల్లుల పండగ నాడు, పేట తల్లులందరి ముందు, సిమెంటు మీద పడ్డాను.

పాట మాత్రం ఆగలేదు. రదామేస్‌కి ఆపడం తట్టలేదేమో. మోకాలు అప్పుడే బంతిలా లేస్తోంది. నొప్పి కన్నా ముందు నాకు కనిపించింది చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు. వాటిల్లో జాలి ఉంది, భయం ఉంది, ఆశ్చర్యం లేదు. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. ఒందీనా అప్పటికే ఐసుగడ్డలు గుడ్డలో కట్టి పట్టుకుని ఉంది.

పెర్సియో ఒక పక్క, యొకాస్తా ఒక పక్క నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను అన్న మాటకి ఆమె నన్ను వదిలేసి పోవచ్చు. పోలేదు. కూర్చోబెట్టాక మాత్రం నా ఎదురుగా నిలబడి, గొంతు ఎత్తకుండా చెప్పింది.

"నా కుడి మోకాలికి పెర్సియో అన్న సీటు గుడ్డ కట్టేవాడక్కా, వంగకుండా. బిగించి కట్టి, ఇప్పుడు తిరుగు, ఇప్పుడు నా చెయ్యి మీద ఆనుకో అనేవాడు. మోకాలు వంగని మనిషిని పడిపోకుండా ఎట్టా తిప్పాలో నా మీద నేర్చుకున్నాడు. షెడ్డు తలుపులు బార్లా తీసి, పనివాళ్ళు చూస్తుండగా. బుధవారం బుధవారం, ఏడు నెలలు. నీకు తెలీకూడదన్నాడు. తెలిస్తే నువ్వు ఆట మానేసి కూచుంటావన్నాడు. నాకొచ్చిన సల్సా అదొక్కటే, కాలు కట్టుకుని ఆడేది."

అంత వరకూ చెప్పి, పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

మిగతాది పెర్సియో ఇంటికి వెళ్ళాక చెప్పాడు, చెప్పించాను. మగవాళ్ళందరికీ చెప్పుకున్నాడట, బెల్కిస్‌ని అడగొద్దు, మీ చేతుల్లో పడిపోతుందని. అందుకే అనుమతి అడగడానికి ఒక్కడూ రాలేదు. ఆ రెండు ఆదివారాల ఎడం చూసుకుని, నేర్చుకున్న కొత్త చెయ్యి నా మీద మొదలుపెట్టాడట. ఒందీనాకి తెలుసు. ఎలీహియోకి తెలుసు. శనివారం ఆయన నాతో కాదనలేక, పెర్సియోనే కాదంటాడులే అన్న ధైర్యంతో వచ్చాడట. నా మోకాలి సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. ఏడాదిన్నర అన్నాడు.

"నువ్వు కుడికాలు ఆనించే ముందు ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టావు. పాటలో నాకు వినపడేది. అడిగితే కసురుకుంటావు. ఇంకేం చెయ్యను?"

నాకు తెలుసా, తెలియదా? మేడ మీద బట్టలు ఆరెయ్యడం మానేశాను, ఎండ అన్నాను. స్టూలు కొన్నాను, చవగ్గా వచ్చిందన్నాను. ఊరంతటినీ అనుమానించాను గాని నా మోకాలిని ఒక్క రోజూ అనుమానించలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు కోపమూ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అబద్ధమాడని చెయ్యి అది, నాతోనే అబద్ధమాడుతుందని నేనెలా అనుకుంటాను అన్నాను. ఇంకో ఆడది ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదేమో అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పెర్సియో కళ్ళజోడు తీశాడు, తుడవలేదు. "నువ్వు కూర్చుండిపోతే నేనెవరితో ఆడాలే?" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. మొగుడూ పెళ్ళాలం, మాకు అది చాలింది.

యొకాస్తాకి అది చాలదు. రెండు వారాలు నేను కాలు చాచి కూర్చున్నన్నాళ్ళూ ఆమె మూల మీదకి రాలేదు. ఆదివారాలు తలుపేసుకుని ఉంటోందని ఒందీనా చెప్పింది. మా ఆడవాళ్ళు అప్పటి దాకా ఆమె యాసకి నవ్వేవాళ్ళు, ఇప్పుడు నా మాటకి నవ్వుతున్నారు. మూకుడు, వేయించడం అంటూ. నిజం అందరికీ తెలిసినా నవ్వడం మానలేదు. ఆ మాట పుట్టించింది నేను.

మూడో వారం మంగళవారం పొద్దున పది గంటలకి కర్ర పట్టుకుని ఆమె బండి దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో కుట్టుమిషను ఆగింది, పెర్సియో చూశాడు, బయటికి మాత్రం రాలేదు. ఆమె మూకుట్లో పాస్తెలీతోలు వేస్తోంది. ఎన్ని కావాలని అడిగింది. అక్కా అనలేదు. తప్పయిందన్నాను. సరే అంది. మళ్ళీ ఎన్ని కావాలంది. నేను ముందే ఆలోచించుకుని వచ్చిన మాటలు ఏవీ పనికిరాలేదు. షెడ్డు రేడియోలో సల్సా వస్తోంది. కర్ర బండికి ఆనించి, ఆమె ముందు చెయ్యి చాచాను, నా సెలూన్‌లో చాచినట్టే.

ఆమె ఆ చేతిని చూసింది. చాలాసేపు చూసింది. నా మొహాన్నీ, మళ్ళీ చేతినీ.

"ఈసారి దేనికి, ఏం తేల్చుకోడానికి?" అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఏమీ లేదు, ఊరికే, నీతో ఆడదామని అన్నాను. నా చెవులకే ఆ మాట నమ్మేలా లేదు. నా చెయ్యి ఏ ఎత్తున ఉందో, ఎంత బిగువుగా ఉందో ఆమె కొలుచుకుంటోందని తెలుస్తూనే ఉంది. కొన్ని వారాల పాటు ఆడవాళ్ళని నేను చూసిన చూపు అది. పాట సగం దాటింది. నేను చెయ్యి దించలేదు. ఆమె గరిటె తీసుకుని, మూకుట్లో పాస్తెలీతోలు మాడకుండా ఒక్కొక్కటే తిరగేసింది.